షాకులు మార్చినా టకటక పోలేదంటే లింక్ రాడ్లు చూడండి

మీ 2008 స్విఫ్ట్‌కి ముందు చక్రాల షాకులు (షాక్ అబ్జార్బర్లు) రెండూ కొత్తవి వేయించినా టకటక చప్పుడు ఆగలేదని అడిగారు కదా, అది చాలావరకు స్టెబిలైజర్ లింక్ రాడ్డే. అంటే బండి ఒక పక్కకి ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ బార్‌ని చక్రం వైపు భాగాలకి కలిపే చిన్న కడ్డీ. స్పీడ్ బ్రేకర్ మీద రెండు చక్రాలూ కలిసి లేస్తే నిశ్శబ్దం, ఒక్క చక్రం గుంతలో పడితే టకటక అని మీ ప్రశ్నలో మీరే రాశారు. ఆ బార్ పని చేసేది ఒక్క పక్క చక్రం కదిలినప్పుడే కాబట్టి అక్కడే దొరికిపోయింది.

1. ఒక పక్క మాత్రమే జాకీ ఎత్తి చూడకండి. అందరూ తప్పేది ఇక్కడే. అలా ఎత్తితే బార్ మెలిపడి లింక్ బిగుసుకుంటుంది, లూజు దాక్కుంటుంది. మెకానిక్ ఊపి చూసి "బాగానే ఉంది సార్" అనేస్తాడు. నన్నూ ఇలాగే రెండు నెలలు తిప్పారు.

2. బండిని సర్వీసింగ్ గుంత మీద పెట్టించండి, నాలుగు చక్రాలూ నేల మీదే. ఇంజన్ ఆపి, లింక్‌ని పిడికిట్లో పట్టి గట్టిగా ఆడించండి. వేళ్లకి "టిక్" అని తగిలితే పోయినట్టే.

3. లింక్ చివర ఉండే బాల్ జాయింట్ మీది రబ్బరు తొడుగు చిరిగి తుప్పు కారిందేమో చూడండి. బీచ్ రోడ్డు పక్క రాత్రంతా ఉండే బళ్లకి నట్టు కూడా పట్టేస్తుంది. ముందురోజే తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచండి, లేకపోతే నట్టుని కోసి తీయాల్సిందే.

4. లింకులు బాగుంటే లోయర్ ఆర్మ్ బుష్‌లు (చక్రాన్ని బండికి కలిపే కింది ఆర్మ్‌లో ఉండే రబ్బరు ముక్కలు) చూడండి. బ్రేక్ వేయగానే "దబ్" మంటే అనుమానం వాటి మీదే. మార్పిస్తే, ఆ బోల్టుల ఆఖరి బిగింపు బండి బరువు చక్రాల మీద పడ్డాకే. చక్రం వేలాడుతుండగా బిగిస్తే కొత్త బుష్ కూడా తొందరగా చిరుగుతుంది.

లింకులు మాత్రం రెండు పక్కలా జతగానే వేయించండి.