ఉపవాసం రోజు షుగర్ మాత్ర

ప్రశ్న: వయసు 58. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్ కలిసిన మాత్ర రెండు పూటలా వేసుకుంటాను. వారానికో రోజు సాయంత్రం దాకా ఉపవాసం. మాత్ర మానకూడదని వేసుకుంటే మధ్యాహ్నానికి చెమటలు, వణుకు. ఈమధ్య పొడపత్రి పొడి కూడా మొదలుపెట్టాను. ఉపవాసాలు మానేయాల్సిందేనా?

జవాబు: మానక్కర్లేకపోవచ్చు. ఆ పొద్దుటి మాత్ర మాత్రం ఖాళీ కడుపున వద్దు. చిక్కంతా గ్లిమెపిరైడ్‌తోనే. మీరు తిన్నా తినకపోయినా అది క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ పడిపోవడం అరుదు. మూడూ ఒకే మాత్రలో ఉన్నాయి కనుక విరిచి సర్దుకోవడం కుదరదు. ఉపవాసం రోజుకి వేరే మందు, మోతాదు రాసివ్వమని డాక్టరును ముందే అడగండి.

చెమట పట్టగానే గ్లూకోమీటరుతో చూడండి. 70కి తగ్గినా, 300 దాటినా ఉపవాసం అక్కడితో ఆపాల్సిందే. తగ్గినప్పుడు మీకు పంచదార వెంటనే పనిచేయదు: వోగ్లిబోస్ దాన్ని పేగులో విడగొట్టనివ్వదు. 15 గ్రాముల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. ఇంకా 70 లోపే ఉంటే ఇంకోసారి తాగండి. ఆపైన కడుపునిండా తినండి. గ్లిమెపిరైడ్ దాదాపు రోజంతా పనిచేస్తుంది కాబట్టి షుగర్ మళ్లీ పడొచ్చు. రాత్రి పడుకునేముందు కూడా చూసుకోండి.

పొడపత్రి ఆకు నమిలితే కాసేపు తీపి తెలియదు. అది నాలుక సంగతి, నెత్తురు సంగతి కాదు. షుగరును అది కొంత తగ్గించినా, మీ మాత్రతో కలిసి మరీ దించేయొచ్చు. ఉపవాసం రోజు అసలే వద్దు, మిగతా రోజుల్లో డాక్టరుకు చెప్పే వాడండి. లేబుల్ లేని మూలికా పొడుల్లో షుగర్ మాత్రల మందే కలిపి దొరికిన సందర్భాలున్నాయి. పొడి మరీ అద్భుతంగా పనిచేస్తుంటే నాకైతే ముందు అనుమానమే వస్తుంది.

టైప్ 1 ఉన్నవారు, గర్భిణులు, కిడ్నీ బాగా దెబ్బతిన్నవారు ఉపవాసం జోలికి పోకపోవడమే మేలు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి (షుగరును మూత్రంలో బయటికి పంపే మాత్రలు) వాడేవారికి నీళ్లు కూడా ముట్టని ఉపవాసం ప్రమాదం: ఒంట్లో నీరు తగ్గుతుంది, కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరగొచ్చు.

ప్రశ్న: మధ్యలో మందు వేసుకుంటే వ్రతభంగమా? షుగర్ చూడ్డానికి వేలు గుచ్చితే రోజా (రంజాన్ ఉపవాసం) పోతుందా?

జవాబు: వ్రతాన్ని చెడగొట్టని ఎనిమిదింటిలో నీళ్లు, పండు, పాలతోపాటు ఔషధాన్నీ మహాభారతం ఉద్యోగపర్వం లెక్కించింది. రోజాలో మాత్ర మింగితే రోజా పోతుంది, అందుకే మోతాదును సహరీ (తెల్లవారుజాము భోజనం), ఇఫ్తార్ (సాయంత్రం ఉపవాసం విడిచే వేళ)లకు మార్చుకోవాలి. వేలు గుచ్చి చూసుకుంటే పోదని ఎక్కువమంది మతపండితుల మాట. జబ్బుపడ్డవారికి ఖురాన్‌లోనే మినహాయింపు ఉంది.