నెట్ మార్చొద్దు తమ్ముడూ, రిఫండ్ అడుగు

రెండేళ్లు ఎదురుచూసి స్టీమ్ అనే గేమ్‌ల దుకాణంలో కొన్న, బొమ్మ మనిషి బతుకును నడిపే ఆన్‌లైన్ లైఫ్ గేమ్ గంటన్నరకే విసుగొచ్చింది, కడపలో నెట్ కనెక్షన్ మారిస్తే బాగుపడుతుందా అని అడిగావు. దాని మీద డబ్బు పెట్టొద్దు తమ్ముడూ, విసుగు నెట్ వల్ల కాదు, గేమ్‌లో కాలం నడిచే తీరు వల్ల.

ఒక్కరే ఆడే గేమ్‌లో కాలం మన చేతిలో ఉంటుంది. బొమ్మ నిద్రపోతే గడియారాన్ని పరిగెత్తిస్తాం, మనకు అన్నం వేళైతే ఆపేస్తాం. ఆన్‌లైన్‌లో అందరికీ ఒకటే గడియారం, నీ ఒక్కడి కోసం పరిగెత్తదు. 2002 డిసెంబర్‌లో వచ్చిన, జనం ఎంతో ఆశ పెట్టుకున్న ‘ది సిమ్స్ ఆన్‌లైన్’ గేమ్ కూడా ఇక్కడే తడబడింది. నైపుణ్యం పెరగాలంటే బొమ్మను గంటల తరబడి ఒకే పనిలో పెట్టాలి. పిజ్జా చేసి సంపాదించాలన్నా నలుగురు కూడాలి. ఆ గేమ్‌ను 2008 ఆగస్టులో మూసేశారు.

అనంతపురంలో నేనూ ఇలాంటి ఇంకో గేమ్ ఆడాను. నైపుణ్యం పెరగాలని బొమ్మను అద్దం ముందు నిలబెట్టి, ఉగ్గాని తిని, ప్లేటు కడిగి వచ్చినా అది ఎంత పెరిగిందో చూపే గీత సగం కూడా నిండలేదు. చాలా బాధేసింది.

కొని వారమే అన్నావు కదా. 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటలు దాటకుంటే స్టీమ్ డబ్బు వెనక్కిస్తుంది. ఈ రోజే అడుగు. ఇంకొక్కసారి తెరిచి చూద్దామనుకోకు, ఆ సమయమూ లెక్కలోకి వస్తుంది.