బూట్‌లోడర్ రాస్తున్న మేనకోడలికి

అమ్మడూ,

కొత్త బోర్డుకి బూట్‌లోడర్ రాస్తున్నావని, ఫైల్‌సిస్టమ్ చదివే భాగం నీకే అప్పజెప్పారని మీ అమ్మ రాత్రి ఫోన్లో చెప్పింది. అదేంటో ఆవిడకి తెలియదు. పవర్ వేయగానే ముందు లేచి, డిస్కులోంచి అసలు సిస్టమ్‌ని ఎక్కించే ప్రోగ్రామని చెప్పాను. "ఏదో పెద్ద పనేనట్రా" అంది. నాకు గర్వంగానే ఉంది. నిద్ర మాత్రం పట్టలేదు.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. ప్రతి ఫంక్షన్ వెనక్కిచ్చే ఎర్రర్ కోడ్ చూడు. లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ తన లెక్కలన్నీ రాసుకునే సూపర్‌బ్లాక్‌లో ఈఎఫ్53 అన్న గుర్తు కనబడగానే మిగతా అంకెలన్నీ నిజమని నమ్మేయకు. గ్రూపుకి బ్లాకులెన్ని అన్నచోట సున్నా ఉంటే నీ భాగహారం అక్కడే కూలుతుంది. పాడైన డిస్కును బాగుచేద్దామని బూట్‌లోడర్ నుంచి ఒక్క బైటు కూడా రాయకు.

ఇక నా సంగతి. 2004లో ఒక చిన్న పెట్టెకి బూట్‌లోడర్ రాశాను. ఫ్యాట్ ఫైల్‌సిస్టమ్‌లో ఫైలంటే క్లస్టర్లనే ముక్కల గొలుసు కదా, ఏ ముక్క తర్వాత ఏదో ఒక టేబుల్ చెబుతుంది, ముందు ఆ గొలుసు పొడవు లెక్కపెట్టే లూప్ ఒకటి పెట్టాను. ఒక్కో లింకుకీ టేబుల్ సెక్టర్ మళ్లీ చదివేవాణ్ణి, అంత తెలివి అప్పట్లో. లెక్క అయ్యేలోపే వాచ్‌డాగ్, అదే కాసేపు కబురు లేకపోతే బోర్డుని మళ్లీ మొదలెట్టే టైమర్, రీసెట్ కొట్టేసేది. నేనేం చేశానో తెలుసా? ఇంకా బతికే ఉన్నానని వాచ్‌డాగ్‌కి చెప్పే లైను తీసుకెళ్లి ఆ లూప్‌లోనే పెట్టాను. పనైపోయింది, ఇంటికెళ్లిపోయాను.

ఎండాకాలంలో కర్నూలు జిల్లా నుంచి ఫోను. కరెంటు ఎప్పుడు పోయిందో ఎప్పుడు వచ్చిందో రాసుకునే పెట్టె అది. కరెంటు పోయి చచ్చింది. బస్సెక్కి వెళ్లాను. సబ్‌స్టేషన్ ఆపరేటరు పెద్దాయన, "లైటు ఎలుగుతానే ఉంది సార్, ఉలకదు పలకదు" అన్నాడు. కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో చూశాను. లాగ్‌లూ, బూట్‌లోడర్ ఎక్కించాల్సిన కెర్నెలూ ఒకే పార్టిషన్‌లో, అంటే కార్డులో ఒకే భాగంలో పెట్టాం, లాగ్ రాస్తుండగా కరెంటు పోయి టేబుల్ చెడింది. కెర్నెల్ గొలుసులో 812 తర్వాత 813, 813 తర్వాత మళ్లీ 812. నా కోడు మూడు రోజులుగా ఆ రెంటి మధ్య గానుగెద్దులా తిరుగుతోంది, ప్రతి చుట్టుకీ వాచ్‌డాగ్‌ని జోకొడుతూ. నేను దాన్ని నిద్రపుచ్చకపోయుంటే మూడు రీసెట్ల తర్వాత కౌంటరు చూసి రెండో పార్టిషన్‌కి వెళ్లేది. అక్కడ రెండో కెర్నెల్ నిక్షేపంగా ఉంది.

అలాంటి పెట్టెలు పదకొండు. కార్డులు మార్చుకుంటూ నాలుగు రోజులు తిరిగాను. ఆ వారంలోనే నీ చెవులు కుట్టించారు. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టాలని మీ అమ్మ చివరిదాకా వాకిట్లోకి చూసిందట. ఆ ఫొటోలో నువ్వు తాతయ్య ఒళ్లో ఏడుస్తున్నావు.

ఆ లూప్‌కి కావలసింది ఒక్క లెక్కే. డైరెక్టరీలో రాసున్న సైజుకి ఎన్ని క్లస్టర్లు చాలో అన్ని. ఒక్కటి ఎక్కువైనా ఎర్రర్. నేనొక్కణ్ణే కాదులే, 2019లో యూ-బూట్ అనే బూట్‌లోడర్‌లోనూ ఇలాంటిది బయటపడింది. తనవైపే తాను చూపించుకునే డాస్ పార్టిషన్ టేబుల్ ఇస్తే, అంతులేకుండా తనలోకి తానే దిగిపోతూ స్టాక్‌ని పెంచేసేది.

ఎర్రర్ వచ్చాక నోరు విప్పాలి. మీ తరం వాళ్లు "ఎర్రర్ మైనస్ 5" అని ప్రింట్ చేసి ఊరుకుంటారు, ఒళ్లు మండిపోతుంది నాకు. ఏ ఫైలు, ఏ క్లస్టరు, ఇప్పుడు ఏం చేయబోతున్నావు, అన్నీ సీరియల్ పోర్టులో చెప్పు. చెప్పి, రెండో కాపీకి వెళ్లు. యూ-బూట్ అయితే ఎన్నిసార్లు బూటయిందో లెక్కపెట్టే బూట్‌కౌంట్, దానికి హద్దు పెట్టే బూట్‌లిమిట్ ఆన్ చేయించు. మీ మేనేజరు అక్కర్లేదంటే నాకు ఫోన్ చెయ్యి, నేను మాట్లాడతాను. సరే, మాట్లాడనులే.

సంక్రాంతికి వచ్చేటప్పుడు బోర్డు తెచ్చుకో. నువ్వు ఫైళ్లు రాయిస్తూ ఉండు, నేను స్విచ్ పక్కన కుర్చీ వేసుకుని ప్లగ్గు పీకుతూ కూర్చుంటాను. అత్తయ్య అరిసెలు వండుతానంది.

మీ మామయ్య