ఎండెన్ ఫలకం చూడటానికి చెన్నైలో ఒక పూట కేటాయించొచ్చా?

విజయవాడ నుంచి చెన్నై వెళ్తున్నాం, ఒక పూట ఖాళీ ఉంది, హైకోర్టు ప్రహరీకి ఉన్న ఎండెన్ ఫలకం చూడదగ్గదేనా అని అడిగారు. తప్పకుండా చూడండి. కాకపోతే కథ తెలుసుకుని వెళ్ళండి, లేకపోతే గోడకి ఓ పలక తప్ప ఏమీ కనిపించదు.

1914 సెప్టెంబర్ 22 రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతం. కార్ల్ ఫాన్ ముల్లర్ నడిపిన జర్మన్ యుద్ధనౌక ఎండెన్ తీరానికి దగ్గరగా వచ్చి, సెర్చిలైట్లు వేసి, రేవు పక్కనున్న బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల మీద గుండ్లు కురిపించింది. అరగంటలో దాదాపు 130. చమురు ట్యాంకులు భగ్గుమన్నాయి, రేవులో ఒక ఓడకి దెబ్బ తగిలింది, కనీసం ఐదుగురు పోయారు. తర్వాత రోజుల్లో వేలమంది ఊరు ఖాళీ చేశారు. ఆ నవంబర్ 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక సిడ్నీ ఎండెన్ పని పట్టింది.

నన్ను తీసుకెళ్ళింది మా నాన్నగారు, గుంటూరులో ప్లీడరు. 1954లో గుంటూరుకి ఆంధ్ర హైకోర్టు వచ్చేదాకా మన జిల్లాల అప్పీళ్ళన్నీ ఆ ఎర్ర భవనానికే వెళ్ళేవి కదా, ఆయనకి అది పరాయి చోటు కాదు. తూర్పు ప్రహరీ దగ్గర ఆగి, ఇంగ్లిష్ అక్షరాల మీద వేలు పెట్టి చదివి వినిపించారు: నౌక పేరు, కెప్టెన్ పేరు, తేదీ, ఒక గుండు ఇక్కడ తగిలి గోడ కొంత దెబ్బతిన్నదని. అంతే. "చచ్చిపోయినవాళ్ళ ఊసే లేదేంట్రా" అన్నారు. నాకూ అదే బాధ. దాడి చేసినవాడి పేరు రాసి, పోయినవాళ్ళ గురించి ఒక్క ముక్కయినా రాయకపోవడం అన్యాయం. ఆ వాక్యం ఇప్పుడైనా చేర్చాలి.

అక్కడే తలెత్తితే హైకోర్టు గోపురం కనిపిస్తుంది. అప్పట్లో లైట్‌హౌస్ దాని మీదే ఉండేది. ఆ రాత్రి పట్నంలో దీపాలు ఆర్పలేదు, లైట్‌హౌసూ వెలుగుతూనే ఉంది. అది తెలిశాక ఆ గోపురాన్ని మామూలుగా చూడలేం.

ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో ఆ గుండు ముక్క ఒకటి ఉంది, వీలైతే అదీ చూడండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు. కోర్టు గేటు దగ్గర భద్రత గట్టిగా ఉంటుంది, ఆధార్ జేబులో పెట్టుకోండి.