మారేడుమిల్లి మీదుగా శబరి లోయకు సైకిల్ మీద

చిరంజీవి అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వూ, నీ ఇద్దరు స్నేహితురాళ్లూ జనవరిలో సైకిళ్ల మీద మారేడుమిల్లి, చింతూరు మీదుగా భద్రాచలం వద్దామనుకుంటున్నారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వాడికి ఒకటే టెన్షన్. నాకు మాత్రం ఆ రాత్రంతా సంతోషంతో నిద్ర పట్టలేదు. ఆ దారి నా కాళ్లకు బాగా తెలిసిన దారి. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని ఉత్తరం రాస్తున్నాను.

రాజమండ్రి నుంచే తొక్కుతామని పట్టుబట్టకండి. గోకవరం దాకా లారీలు, ఆటోలు, దుమ్ము, అంతే. ఒక టాటా ఏస్ మాట్లాడుకుని సైకిళ్లు అందులో వేసుకుని గోకవరంలో దిగండి. అక్కడ టిఫిన్ చేసి బయల్దేరితే కాసేపటికే అడవి మొదలవుతుంది. రంపచోడవరం దాటాక భూపతిపాలెం రిజర్వాయర్ వస్తుంది. అక్కడ ఓ పావుగంట ఆగండి. ఆ రోజుకి మజిలీ మారేడుమిల్లి. గదులు ముందే మాట్లాడి పెట్టుకోండి, శని ఆదివారాల్లో అసలు దొరకవు. వీలైతే ఆ రెండు రోజులూ తప్పించి వారం మధ్యలో రండి, కార్ల హడావిడి లేకపోతే ఆ రోడ్డే వేరు. బొంగు చికెన్ రాత్రికి తినండి. మధ్యాహ్నం తిని ఎత్తు ఎక్కితే కడుపు బరువెక్కి కాళ్లు కదలవు.

మ్యాపు చూస్తే గోదావరి ఒడ్డునే దారి ఉంటుంది కదా, ఈ కొండలెక్కడం ఎందుకు అనిపిస్తుంది. పాపికొండల దగ్గర కొండలు రెండు వైపులా నదిని నొక్కేస్తాయి. అక్కడ పడవ తప్ప దారి లేదు. అందుకే రోడ్డు కొండల వెనక నుంచి మారేడుమిల్లి అడవిలోకి ఎక్కి, అవతల చింతూరు దగ్గర, గోదావరిలో కలిసే శబరి నది లోయలోకి దిగుతుంది. అలా ఎక్కి దిగాకే నది కనబడుతుంది. నాకు ఆ దారి మీద అంత ఇష్టం అందుకే.

రెండో రోజే అసలు రోజు. మారేడుమిల్లి నుంచి చింతూరు నలభై కిలోమీటర్ల పైనే. దూరం చూసి తక్కువే అనుకోకు. పొద్దున్నే మంచు పట్టి ఉంటుంది. బాగా వెలుతురు వచ్చాకే కదలండి, వెనక ఎర్ర లైటు వెలిగించుకోండి. మొదట కొంత దూరం ఎక్కుతూ దిగుతూ పోతుంది. రెండు వైపులా వెదురు, పైన మద్ది చెట్లు. ఇంజను చప్పుడు లేకపోతే ఆ అడవిలో ఎన్ని చప్పుళ్లు వినబడతాయో నీకే తెలుస్తుంది. రెక్కలు కొట్టుకునే చప్పుడు మరీ పెద్దగా వినిపిస్తే తలెత్తి చూడు, హార్న్‌బిల్ అయ్యుంటుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు మాత్రం పెట్టుకోకండి. వెనక నుంచి వచ్చే బస్సును పసిగట్టాల్సింది చెవులే.

తర్వాత తులసిపాక వైపు ఘాట్ దిగుతుంది. ఇక్కడ నా మాట వినాలి. దిగేటప్పుడు బ్రేకులు అదే పనిగా పట్టుకుని ఉండకండి. కాసేపు వెనకది, కాసేపు ముందుది, మళ్లీ వదలడం. రిమ్ము బ్రేకులున్న సైకిలైతే రెండు మూడు మలుపులకోసారి ఆగి రిమ్ము దగ్గర చెయ్యి పెట్టి చూడండి. వేడి తగిలితే చల్లారేదాకా కూర్చోండి. ఆ వేడికి ట్యూబు పేలిందంటే ఆ వాలులో సైకిల్ ఆగదు. మలుపులో లోపలికి కోసుకుని రావద్దు, ఎదురుగా వచ్చే బస్సుకి ఆ మలుపు మొత్తం కావాలి. నేను ఓసారి మలుపులో రాలిన తడి ఆకుల మీద బ్రేకు కొట్టి జారిపోయాను. మోచెయ్యి చర్మం లేచిపోయింది. దారిన పోతున్న కొండరెడ్డి తెగ ముసలమ్మ ఒకామె ఏదో ఆకు నలిపి కట్టి, నేను లేచి నిలబడేదాకా అక్కడే కూర్చుంది. అప్పటి నుంచీ మలుపుకి ముందే బ్రేకు వేస్తాను, మలుపులో వెయ్యను.

పంక్చర్ తప్పకుండా అవుతుంది, వెదురు ముల్లు ఊరుకోదు. మూడు ట్యూబులు, పాచ్‌లు, పంపు పెట్టుకోండి. ట్యూబు వాగు నీళ్లలో ముంచితే బుడగలు వచ్చే చోటు కనబడుతుంది. అందరూ అక్కడితో ఆపేస్తారు. నువ్వు టైరు లోపల చుట్టూ వేళ్లతో మెల్లగా తడిమి చూడు. ముల్లు మొన విరిగి రబ్బరులోనే ఉండిపోతుంది, పైకి కనబడదు. అది తియ్యకుండా కొత్త ట్యూబు వేస్తే కిలోమీటరు తిరక్కుండానే మళ్లీ గాలి పోతుంది. నాకు ఒకే రోజు మూడుసార్లు అలాగే అయింది.

సిగ్నల్ చాలా చోట్ల ఉండదు. కాబట్టి ఫోన్‌పే నమ్ముకోకుండా చిల్లర నోట్లు ఉంచుకోండి. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి, పోలీసులు ఆపి అడిగితే నవ్వుతూ చెప్పండి, వాళ్ల పని వాళ్లది. ఏజెన్సీలో, అంటే ఈ గిరిజన ప్రాంతంలో, మలేరియా ఉంది. సాయంత్రం ఫుల్ చేతుల చొక్కా, రాత్రి దోమతెర. తిరిగి వెళ్లాక జ్వరం వస్తే, మీరు ఎక్కడికి వెళ్లొచ్చారో డాక్టరుకి ముందు అదే చెప్పండి.

చింతూరులో పడుకుని మూడో రోజు భద్రాచలం మెయిన్ రోడ్డు ఎక్కకండి. దూరమైనా సరే వి.ఆర్.పురం రోడ్డు పట్టుకోండి. ఎడమ వైపు కొండ, కుడి వైపు ఎక్కడో ఓ చోట శబరి మెరుస్తూ ఉంటుంది. సోకిలేరు, చంద్రవంక వాగులు దాటాలి. జనవరిలో మోకాలి లోతు కూడా ఉండవు. వానాకాలంలో మాత్రం ఈ రోడ్డు పేరెత్తవద్దు. గోదావరి నిండుగా ఉంటే శబరి నీళ్లు అందులోకి పోలేవు, ఎగపోటు వచ్చి వాగుల్లోకి ఎక్కేస్తాయి. ఇక్కడ చినుకు లేకపోయినా రోడ్డు మునిగిపోతుంది. ఎప్పుడైనా వర్షాల్లో వద్దామనిపిస్తే ముందు భద్రాచలం నీటిమట్టం చూసుకో. 43 అడుగులు మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. మొదటిది వచ్చిందంటే సైకిల్ ఇంట్లోనే ఉండాలి. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చింది, అప్పుడు చింతూరు, వి.ఆర్.పురం, కూనవరం మండలాల వాళ్లు పడ్డ అవస్థ నేను కళ్లారా చూశాను.

ఈ రోడ్డే ఎందుకు తొక్కమంటున్నానో ఇప్పుడు చెబుతాను. 2014లో ఈ మండలాలను ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది పోలవరం ముంపు కోసమే. ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. ఆ మట్టానికి నీళ్లు నిలిపిన రోజు ఈ లోయలో చాలా ఊళ్లు నీళ్ల కింద ఉంటాయి. కొందరు ఇప్పటికే పునరావాస కాలనీలకు వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు ఇంకా మిర్చి వేస్తున్నారు, చింతపండు కొట్టి గింజ తీస్తున్నారు, సంతకు వెళ్తున్నారు. అందుకే వేగం లెక్కపెట్టుకుంటూ పోవద్దు తల్లీ. ఊరు వచ్చినప్పుడల్లా దిగి నడవండి. మంచినీళ్లు అడగండి, ఇస్తారు. అడక్కుండా ఫోటోలు తియ్యకండి, పిల్లలకు చాక్లెట్లు పంచకండి. పేరు అడిగి మాట్లాడండి. వాళ్లే మాట కలిపితే ఇల్లు ఎక్కడికి మారుస్తున్నారో అడగండి. వాళ్లు చెప్పేది పూర్తిగా వినండి.

మార్చిలో మళ్లీ రాగలిగితే ఇప్పపూల కాలం. తెల్లవారుజామున పూలు రాలుతాయి, ఆడవాళ్లు బుట్టలతో ఏరుతుంటారు, రోడ్డంతా తియ్యటి వాసన. ఆ పూల కోసం ఎలుగుబంట్లు కూడా వస్తాయి, కాబట్టి ఆ నెలలో చీకట్లో బయల్దేరవద్దు.

కూనవరంలో శబరి గోదావరిలో కలుస్తుంది. వంతెన మీద సైకిల్ ఆపి రెండు నీళ్లూ చూడండి. అక్కడి నుంచి భద్రాచలం దాకా చాలా దూరమే, ఎండ నడినెత్తిన ఉంటే మధ్యాహ్నం ఏ చెట్టు కిందైనా పడుకుని మూడు దాటాక కదలండి. చీకటి పడేలా ఉంటే ఫోన్ చెయ్యి, నేను ఆటో తీసుకుని ఎదురొస్తాను, మొహమాటపడకు.

నీ సైకిల్‌కి వెనక బ్రేకు షూలు అరిగాయని మీ నాన్న అన్నాడు. బయల్దేరే ముందే మార్పించు, దార్లో ఎక్కడా దొరకవు. నా పాత ఇనుప పంపు కొరియర్‌లో పంపుతున్నాను. బరువే, కానీ ఇప్పటిదాకా ఒక్కసారీ మోసం చెయ్యలేదు. మూడో రోజు సాయంత్రం కరకట్ట మీద నిలబడి ఉంటాను. పెద్దమ్మ వేడినీళ్లు కాచి ఉంచుతుందట, మీ ముగ్గురికీ ఏం వండాలో ముందే చెప్పమంటోంది.

మీ పెదనాన్న
భద్రాచలం