మీ కాలువ చివర ఏముందో చూశారా?

ప్రశ్న: శ్రీకాకుళంలో మాది మిక్చర్, జంతికలు, చేగోడీలు చేసే చిన్న యూనిట్. బాణలీలు, ట్రేలు కడిగిన నీళ్లు ఇన్నాళ్లూ వీధి కాలువలోకే పోతున్నాయి. ఇప్పుడు కార్పొరేషన్ వాళ్లొచ్చి నూనె తీసి శుద్ధి చేశాకే వదలమంటున్నారు. పైడిభీమవరం మందుల కంపెనీలకు పెట్టాల్సిన రూలు మాకెందుకండీ? అదీ మూతైనా లేని మామూలు కాలువ!
– ఒక పాఠకురాలు

జవాబు: మూత లేదన్న పాయింటు పనిచేయదండీ. 1974 నాటి నీటి కాలుష్య చట్టం ప్రకారం మూత ఉన్నా లేకపోయినా అది మురుగు కాలువే, మందుల కంపెనీదైనా మిక్చర్ యూనిట్‌దైనా అందులోకి వచ్చేది వ్యాపారం మురుగే.

అసలు చూడాల్సింది ఆ కాలువ చివర ఏముందో. 1986 పర్యావరణ పరిరక్షణ నిబంధనల్లో, పబ్లిక్ మురుగు కాలువలోకి వదిలే లీటరు నీటిలో బీఓడీ 350 మిల్లీగ్రాములు, నూనె 20 దాకా ఒప్పుకుంటారు. అదే నదిలోకో చెరువులోకో అయితే బీఓడీ 30, నూనె 10 మించకూడదు. (నీళ్లలో మురికిని సూక్ష్మజీవులు తినడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే లెక్కే బీఓడీ.) చాలామంది ఆ 350 చూసి హమ్మయ్య అనుకుంటారు గానీ కింద ఉన్న చిన్న షరతు చదవరు. కాలువ చివర సూక్ష్మజీవులతో నీటిని శుద్ధి చేసే ప్లాంటు ఉంటేనే ఆ వెసులుబాటు. లేదంటే మీ గుమ్మం ముందు పోసినా నేరుగా నాగావళిలో పోసినట్టే లెక్క. కాబట్టి మీ కాలువ ఎక్కడ కలుస్తోందో కార్పొరేషన్‌ని రాతపూర్వకంగా అడగండి.

ఈలోగా గ్రీజ్ ట్రాప్ కట్టించుకోండి, అదేం బ్రహ్మవిద్య కాదు. రెండు మూడు అరలున్న సిమెంటు తొట్టి, అంతే. నీళ్లు నెమ్మదించగానే పిండి అడుక్కి దిగుతుంది, నూనె పైకి తేలుతుంది, మధ్యలో ఉన్న నీళ్లు మాత్రం వంచిన పైపులోంచి పక్క అరలోకి పోతాయి. పని చెడేది తొట్టిలో కాదు, గిన్నెలు తోమే చోట. సలసలా కాగే నీళ్లు పోసి కాస్టిక్ సోడాతో తోమారంటే నూనె నీళ్లలో కలిసిపోయి, పాలలా తెల్లగా ట్రాప్ దాటేసి, కాలువలో చల్లారాక గడ్డకడుతుంది (పామాయిల్ అయితే మరీనూ). ముందు గరిటెతో గీకి, గుడ్డతో తుడిచి, ఆ తర్వాతే తడపండి. పైన పట్టిన తెట్టు రోజూ తీయాల్సిందే. మాడిన నూనె మాత్రం చుక్క కూడా కాలువలో పోయొద్దు, బయోడీజిల్ కోసం కొనేవాళ్లున్నారు.

ట్రాప్ నూనెను ఆపుతుంది గానీ పిండి కరిగిన నీళ్ల బీఓడీని పెద్దగా దించదు. ల్యాబులో టెస్టు చేయించండి. ఎక్కువొస్తే గాలి ఊదే ట్యాంకు కూడా పెట్టించాలి, ఖర్చే మరి.

ప్రశ్న: విజయనగరం దగ్గర మా బావగారికి ఉప్పుడు బియ్యం మిల్లుంది. ధాన్యం నానబెట్టిన నీళ్లలో బోరు నీళ్లు కలిపి పలచన చేసి వదిలితే లెక్క సరిపోతుంది కదా?

జవాబు: సరిపోదు. లీటరుకు మురికి తగ్గినట్టు కనిపిస్తుందేగానీ చెరువులో పడే మొత్తం మురికి అంతే. పైగా కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే అనుమతి పత్రంలో రోజుకి ఎన్ని కిలోలీటర్లు వదలొచ్చో రాసే ఉంటుంది, కలిపిన బోరు నీళ్లు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ఇలాంటి అనుమతి అవసరమైన పరిశ్రమలు శుద్ధి ప్లాంటు నడవకపోతే నడవకూడదని సుప్రీంకోర్టు 2017 ఫిబ్రవరిలోనే చెప్పింది. ఆ బోరుకయ్యే కరెంటు డబ్బులేవో ప్లాంటు మీద పెట్టమనండి మీ బావగారిని.