రేడియో నుంచి టీవీకి వెళ్తున్న నీకు

బుజ్జీ,

ఆటల షో మానేసి టీవీకి వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషంతో ఊరంతా చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఆటగాళ్ల పేర్లు ముందే పలికి చూసుకో. గొంతు జాగ్రత్త. మేకప్ వాళ్లతో పేచీ పెట్టుకోకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయం వేరు. రేడియోలో నాలుగు సెకన్లు మాట ఆగితే వినేవాడు స్టేషన్ పోయిందనుకుంటాడు. అందుకే మనకి నిశ్శబ్దమంటే వణుకు. నేను ఆ జబ్బుతోనే టీవీకి వెళ్లాను. మొదటి ఫైనల్. ఆఖరి బంతికి అవుటైన కెప్టెన్ పిచ్ పక్కనే కూలబడ్డాడు. గడ్డం కింద హెల్మెట్ పట్టీ ఊడదీయబోతే వేళ్లు సహకరించడం లేదు. తెర నిండా ఆ వేళ్లే. నేనేమో మానిటర్ వైపు చూడకుండా, అతను ఓడిన ఫైనల్స్ లెక్క కాగితంలోంచి గడగడా చదివేస్తున్నాను. చెవిలో డైరెక్టర్ "తెర చూడండి సార్, తెర!" అంటూనే ఉన్నాడు. వినబడుతోంది, నోరు ఆగదే! ఇంటికొచ్చాక మీ పిన్ని ఒకటే అడిగింది: "పాపం, ఆ అబ్బాయిని కాసేపు ఏడవనివ్వకూడదూ?"

అమెరికా రేడియోలో బేస్‌బాల్ కామెంటరీ చెప్పిన రెడ్ బార్బర్, స్కోరు మర్చిపోకుండా మూడు నిమిషాల ఇసుక గడియారం పక్కన పెట్టుకునేవాడు. నీకు స్కోరు తెర మూలనే ఉంటుంది, ఆ గడియారం అక్కర్లేదు. ఆయన దగ్గర పని నేర్చిన విన్ స్కల్లీ 1974లో బేస్‌బాల్ ఆటగాడు హాంక్ ఆరన్ 715వ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిదనుకో) కొట్టి పాత రికార్డు దాటగానే మాట ఆపేసి, జనం అరుపుల్నే వినిపించనిచ్చాడు. అంత ధైర్యం నాకు రావడానికి ఏళ్లు పట్టింది.

అలాగని రేడియోని తీసిపారేయకు, మొద్దూ! తిట్టడానికి ఫోన్ చేసినవాణ్ణి నవ్వించి లైన్లో నిలబెట్టావే, చదవాల్సిన మాటలు చూపించే టెలిప్రాంప్టర్ ఆగిపోయిన రోజు నిన్ను కాపాడేది ఆ విద్యే. వీలైతే వారానికో రోజు షో చేసుకోనిమ్మని అడుగు. అడిగింది కాంట్రాక్టులో రాయించు, నోటిమాట నమ్మకు.

మొదటి ప్రోగ్రాం రికార్డు చేసి, సౌండ్ తీసేసి ఒకసారి చూడు. నీ మాట ఎక్కడ అక్కర్లేదో నీకే తెలుస్తుంది.

టైము పంపు. ఆ రోజు సీరియల్ మానేస్తానని మీ పిన్ని అప్పుడే మాటిచ్చేసింది.

మీ బాబాయి